నలభై వేల పౌండ్లకు బ్రిటన్‌లో ఇల్లు: ఎక్కడ కొనవచ్చు, ఎక్కడ వదిలేయాలి

బ్రిటన్‌లో ఇంటి సగటు ధర 2.7 లక్షల పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. అదే దేశంలో 40 వేల పౌండ్లకు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకే రెండు పడకగదుల ఇటుక ఇల్లు వేలంలో దొరుకుతుంది. మన లెక్కలో 45 నుంచి 50 లక్షల రూపాయలు. హైదరాబాద్ శివార్లలో ఓ మోస్తరు ఫ్లాటుకు కూడా చాలని సొమ్ముతో ఇంగ్లండ్‌లో సొంతిల్లు అనేసరికి ఎవరికైనా ఆశ పుడుతుంది. లండన్‌లో జీతంలో సగం అద్దెకే పోస్తున్న ఐటీ ఉద్యోగికీ పుడుతుంది, కూకట్‌పల్లిలో కూర్చుని ఫోనులో ఆ ఫొటోలు తిప్పి చూసే తండ్రికీ పుడుతుంది.

ఆ ధర వెనుక మోసమేమీ లేదు, చరిత్ర ఉంది. బొగ్గు గనులు, నూలు మిల్లులు, ఉక్కు కర్మాగారాలు, ఓడల యార్డులు తమ కార్మికుల కోసం వరుస ఇళ్లు కట్టించాయి. ఇంగ్లండ్ ఈశాన్యాన డర్హమ్ తీరంలో హోర్డెన్ గని 1987లో, పక్కనే ఈజింగ్టన్ గని 1993లో మూతపడ్డాయి. వేల్స్‌లో ఎబ్బూ వేల్ ఉక్కు కర్మాగారం 2002లో ఆగిపోయింది. పని వెళ్లిపోయింది, ఇళ్లు మిగిలాయి. నిలబడటానికి ఆ ఇళ్లు ఇంకో వందేళ్లయినా నిలబడతాయి. వాటిని కోరుకునే మనుషులే తక్కువ.

అందుకే ధర వీధిని బట్టి పడిపోతుంది, మరమ్మతు ఖర్చు మాత్రం పడిపోదు. ఇంటినీ నీళ్లనూ వేడిచేసే బాయిలర్ ఖరీదు హోర్డెన్‌లోనూ, లండన్ పక్కనే ఉన్న సంపన్న కౌంటీ సర్రేలోనూ ఒకటే. పైకప్పు మార్పించాలన్నా, కరెంటు వైరింగు కొత్తగా వేయించాలన్నా ఉత్తరాదిన కూలి కాస్త తగ్గవచ్చేమో కానీ ఇంటి ధరలో ఉన్నంత తేడా అందులో ఉండదు. 35 వేలకు కొన్న ఇంటికి 30 వేల మరమ్మతు పడితే, అదే ఊళ్లో నాలుగు వీధుల అవతల 60 వేలకు అమ్మకానికి ఉన్న చక్కటి ఇల్లే చవక. ఈ ఒక్క లెక్క వేసుకోకపోవడం వల్లే చాలా చవక బేరాలు తడిసి మోపెడవుతాయి.

ఊళ్ల పోలికలోకి వెళ్లే ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఆ ఇల్లు ఎందుకు? ఉండటానికా, అద్దెకివ్వడానికా, ఊరికే ఆస్తిగా అట్టిపెట్టుకోవడానికా? మూడో కోరిక ఉన్నవారు ఇక్కడే ఆగిపోవచ్చు. ఇంగ్లండ్‌లో ఇల్లు ఏడాదికి మించి ఖాళీగా, సామాను లేకుండా ఉంటే కౌన్సిల్ ట్యాక్స్‌ను, అంటే స్థానిక ఇంటి పన్నును, రెట్టింపు చేసే అధికారం 2024 ఏప్రిల్ నుంచి స్థానిక కౌన్సిళ్లకు ఉంది. అయిదేళ్లు దాటితే మూడింతలు, పదేళ్లు దాటితే నాలుగింతలు చేయవచ్చు. వేల్స్‌లో ఏడాది దాటిన ఖాళీ ఇంటి మీదే నాలుగింతల దాకా వెళ్లవచ్చు. ఖాళీ ఇంటికి బీమా కూడా తేలిగ్గా దొరకదు. ఇంకొకటి, అక్కడ ఇల్లు కొన్నంత మాత్రాన వీసా రాదు, ఉండే హక్కు రాదు. ఆ రెంటినీ ముడిపెట్టి మాట్లాడే దళారి ఎదురైతే బేరం అక్కడితో ముగించండి.

డర్హమ్ తీరం: అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా జాగ్రత్త

హోర్డెన్‌లో కొన్ని వీధులకు పేర్లు కూడా పెట్టలేదు. ఫస్ట్ స్ట్రీట్, సెకండ్ స్ట్రీట్ అంటూ అంకెలే. ఇంగ్లండ్‌లో అతి చవక ఇళ్ల గురించి ఎవరు వెతికినా ఈ వీధులే ముందు కనిపిస్తాయి. ఒకే వీధిలో ముచ్చటగా పూలకుండీలు పెట్టుకున్న ఇల్లు, దాని పక్కనే కిటికీలకు ఇనుపరేకులు బిగించిన ఇల్లు చూస్తాం. వీధుల్లో కొన్నింటిని కూల్చి కొత్తవి కట్టాలన్న ప్రణాళిక కౌన్సిల్ దగ్గర చాలా కాలంగా నడుస్తోంది. మీరు కొనబోయే ఇల్లు ఆ గీత లోపల ఉందా బయట ఉందా అన్నది మొదట కౌన్సిల్ ప్లానింగ్ విభాగంలోనే కనుక్కోవాలి. గీత లోపల ఉంటే పరిహారం ఇస్తారు, నిజమే. అది మార్కెట్ ధరను బట్టి ఉంటుంది, మీరు పెట్టిన మరమ్మతు సొమ్మును బట్టి కాదు. కూల్చివేత భయం ఈ ఊళ్లకు కొత్తదీ కాదు. 1951లోనే డర్హమ్ కౌంటీ ప్రణాళిక వంద పైచిలుకు గ్రామాలను ‘కేటగిరీ డి’ కింద చేర్చి, ఇక వాటి మీద పెట్టుబడి పెట్టేది లేదని తేల్చేసింది.

మంచి వైపు కూడా ఉంది. 2020 జూన్‌లో హోర్డెన్‌కు రైల్వే స్టేషన్ మళ్లీ వచ్చింది. న్యూకాజిల్‌కు, మిడిల్స్‌బరోకు నేరుగా రైళ్లున్నాయి. సముద్రం నడిచి వెళ్లేంత దూరం. మిడిల్స్‌బరోలో టీసైడ్ యూనివర్సిటీ ఉంది కాబట్టి మన విద్యార్థులు ఆ ప్రాంతానికి కొత్తవారు కారు. అయితే కొడుకు అక్కడ ఏడాది మాస్టర్స్ చదువుతున్నాడని ఇల్లు కొనేసే తల్లిదండ్రులకు ఒక మాట: ఏడాది చదువుకు అద్దె గదే మేలు. కొనడానికి మూడు నాలుగు నెలలు, అమ్మడానికి ఎన్ని నెలలో చెప్పలేం.

అమ్మకం సంగతే ఇక్కడ అసలు చిక్కు. చాలా బ్యాంకులు ఒక కనీస విలువకు దిగువన ఉన్న ఇళ్లకు రుణమివ్వవు. వంటగదో స్నానాల గదో వాడుకునే స్థితిలో లేకపోతే అసలే ఇవ్వవు. అంటే మీరు రొక్కం పెట్టి కొనాలి, రేపు మీ దగ్గర కొనేవారూ రొక్కం ఉన్నవారే కావాలి. అలాంటివారు బేరం గట్టిగా ఆడతారు.

లాంకషైర్ మిల్లు పట్టణాలు: ఉండటానికైతే ఇవే

ఇంగ్లండ్‌లో సగటు ధర అతి తక్కువగా ఉన్న పట్టణాల పట్టిక తీస్తే బర్న్‌లీ తరచూ అట్టడుగున కనిపిస్తుంది. పక్కనే నెల్సన్, యాక్రింగ్టన్ ఉన్నాయి. ఇక్కడ 40 వేలకు దొరికేవి బాగా దెబ్బతిన్న ఇళ్లు. 70, 80 వేలు పెడితే గృహప్రవేశం చేయగలిగిన ఇల్లు వస్తుంది. నా దృష్టిలో ఆ అదనపు 30 వేలు దండగ కాదు. 2015లో టాడ్‌మార్డెన్ దగ్గర పాత రైలు మలుపును తిరిగి వేయడంతో బర్న్‌లీ నుంచి మాంచెస్టర్‌కు నేరుగా రైళ్లు మొదలయ్యాయి. ప్రయాణం సుమారు గంట. వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్లి మిగతా రోజులు ఇంటి నుంచి పనిచేసేవారికి ఇంతకన్నా ఏం కావాలి? ఆసుపత్రి ఉంది, కాలేజీ ఉంది, దక్షిణాసియా కుటుంబాలు దశాబ్దాలుగా ఉన్నాయి కాబట్టి కందిపప్పుకూ కరివేపాకుకూ వెతుక్కోనక్కర్లేదు.

ఇక్కడి ఇంటిని చూడటానికి వెళ్లినప్పుడు ముందు గదిలో నిలబడి ఫొటోలు తీయకండి, తిన్నగా వెనక్కి నడవండి. పాత వరుస ఇళ్లలో మొదట్లో స్నానాల గది ఉండేది కాదు. తర్వాతి రోజుల్లో వంటగది వెనుక పలచని గోడలతో, తక్కువ ఎత్తు కప్పుతో దాన్ని అతికించారు. చెమ్మ మొదట పట్టేది అక్కడే. తర్వాత వెనుక సందులోకి వెళ్లి తల పైకెత్తి చూడండి. పైకప్పు పలకరాళ్లలో జారినవి ఎన్ని, చూరు కింది నీటి కాలువలో గడ్డి మొలిచిందా, పొగగొట్టం వంగిందా అన్నవి అక్కడి నుంచి తెలుస్తాయి. ఆ నీటి కాలువ పక్కింటిదీ మీదీ ఒకటే. పక్కిల్లు ఖాళీగా ఉండి అక్కడ కాలువ పూడుకుపోతే నీళ్లు దిగేది మీ గోడలోకి. ఇక లోపల, గోడ కింది భాగంలో మీటరు ఎత్తు వరకు మాత్రమే కొత్తగా రంగు వేసి ఉంటే అడగవలసిన ప్రశ్న ఒకటే: దాని కింద ఏముంది? ఈ గోడలు చాలా వరకు మధ్యలో ఖాళీ లేని ఒంటి గోడలు, తొమ్మిది అంగుళాల ఇటుక కట్టు లేదా రాతి కట్టు. వాటి మీద సిమెంటు పూత పూసి చెమ్మను దాచాలని చూస్తే అది లోపలే ఉండి గోడను తినేస్తుంది.

హక్కు పత్రాల్లో ‘లీజ్‌హోల్డ్’ (భూమి మరొకరిది, ఇల్లు లీజు ఉన్నంత కాలమే మీది) అన్న మాట కనబడితే కంగారు పడనక్కర్లేదు. లాంకషైర్‌లో 999 ఏళ్ల పాత లీజులు మామూలే, భూమి అద్దె ఏడాదికి కొద్ది పౌండ్లు. భయపడవలసింది లీజు 80 ఏళ్లకు తగ్గిన ఫ్లాట్ల విషయంలో. ఇంగ్లండ్‌లో అతి చవకగా కనిపించే ఫ్లాటును నేనైతే ముట్టుకోను. ఇంటి ధర తగ్గినా నిర్వహణ రుసుము తగ్గదు, దాని మీద మీ అదుపూ ఉండదు.

వేల్స్ లోయలు

వేల్స్‌లో సగటు ధర అతి తక్కువ ఉన్న కౌంటీ బ్లైనై గ్వెంట్. ఎబ్బూ వేల్, ఎబర్‌టిలరీ అందులోవే. పడమరగా రోండా లోయలున్నాయి. కొండవాలు వెంట బారుగా సాగే రాతి ఇళ్లు, ఎదురుగా పచ్చటి కొండ. ఫొటోల్లో ఇంత అందంగా కనిపించే చవక ఊళ్లు బ్రిటన్‌లో మరెక్కడా లేవు. రైలూ మెరుగైంది. ఎబ్బూ వేల్‌కు ప్రయాణికుల రైళ్లు 2008లో తిరిగి వచ్చాయి. రోండాలో ట్రెహెర్బర్ట్ మార్గాన్ని ఆధునికీకరించి 2024 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. రెండు చోట్ల నుంచీ కార్డిఫ్‌కు గంట అటూ ఇటూ.

కొండ చేసే మేలుతో పాటు కీడూ ఉంది. వాన ఎక్కువ, వెనుక పెరట్లో మట్టిని ఆపే అడ్డుగోడ ఎవరిదన్న తగాదా ఎక్కువ, పైన గని వ్యర్థాల గుట్టలు. 2020 ఫిబ్రవరిలో డెనిస్ తుపాను సమయంలో టైలర్స్‌టౌన్ దగ్గర అలాంటి గుట్ట ఒకటి జారి లోయలోకి వచ్చింది. కాబట్టి వరద పటం, బొగ్గు గనుల నివేదిక రెండూ చూడకుండా సంతకం పెట్టకూడదు. గనుల నివేదిక డర్హమ్‌కూ వర్తిస్తుంది. ఖర్చు కొద్ది పదుల పౌండ్లే, ఇంటి కింద సొరంగాలున్నాయా, దగ్గర్లో పాత గని నుయ్యి ఉందా చెబుతుంది.

ఇంటి నుంచే పూర్తిగా పనిచేసే, కారు ఉన్న జంటకు నేను వేల్స్‌నే చెబుతాను. అద్దెకివ్వాలనుకునేవారికి చెప్పను. అక్కడ ప్రతి యజమానీ ‘రెంట్ స్మార్ట్ వేల్స్’లో నమోదు కావాలి, 2022 డిసెంబరు నుంచి అద్దె చట్టమూ ఇంగ్లండ్‌కు భిన్నమైంది. దూరాన ఉండి నెగ్గుకురావడం కష్టం.

గ్రీనక్, పోర్ట్ గ్లాస్గో: ఫ్లాటే కావాలంటే

స్కాట్లండ్ పడమటి తీరంలో క్లైడ్ నది ఒడ్డున ఇన్వర్‌క్లైడ్ ఉంది. పాత ఓడల పరిశ్రమ ప్రాంతం. గ్లాస్గోకు నేరుగా రైలు. ఇక్కడ దొరికేవి ఎక్కువగా ఫ్లాట్లు, చాలా వరకు పాత రాతి భవనాల్లో. ఇంగ్లండ్‌లా లీజు కరిగిపోతుందన్న బెంగ లేదు, ఫ్లాటు పూర్తిగా మీదే. కానీ పైకప్పు, మెట్లు అందరివీ. ఎనిమిది మంది యజమానుల్లో ముగ్గురు పలకకపోతే కప్పు కారుతూనే ఉంటుంది. భవనాన్ని చూసుకునే ‘ఫ్యాక్టర్’ ఉన్నాడా, గడచిన ఏళ్లలో ఎంత వసూలు చేశాడు, రాబోయే పనులేమిటి అని అడిగి కాగితం మీద జవాబు తీసుకోండి.

పోర్ట్ గ్లాస్గోలో క్లూన్ పార్క్ అనే చోట ఒకప్పుడు కొన్ని వేల పౌండ్లకే ఫ్లాట్లు వేలంలో పోయాయి. అక్కడ కౌన్సిల్ చివరికి ఎంచుకున్నది కూల్చివేత. స్కాట్లండ్‌లో మరీ చవక ఫ్లాటు కనబడితే ఆ పేరు గుర్తు తెచ్చుకోండి.

కొనే పద్ధతి మాత్రం స్కాట్లండ్‌దే నాకు నచ్చుతుంది. ఇంటి స్థితి, విలువ చెప్పే ‘హోమ్ రిపోర్ట్’ను అమ్మేవారే ముందుగా చేయించి పెడతారు. న్యాయవాదుల లేఖలు కుదిరితే ఇరువైపులా కట్టుబడాల్సిందే. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒప్పందాలు మార్చుకునే రోజు వరకు ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. అప్పటికి సర్వేకు, న్యాయవాదికి పెట్టిన సొమ్ము గంగలో పోసినట్టే.

ఒక్క పౌండు ఇంటి కథ కూడా చెప్పేస్తే సరిపోతుంది. 2013లో లివర్‌పూల్, స్టోక్-ఆన్-ట్రెంట్ కౌన్సిళ్లు ఒక్క పౌండుకు ఇళ్లు ఇచ్చిన మాట నిజం. అవి స్థానికులకు, స్వయంగా బాగు చేసుకుని అందులోనే ఉంటామని మాటిచ్చినవారికి. బాగుచేతకు వేల పౌండ్లు కావాలి. బయటివారికి తలుపు మూసే ఉంది.

హైదరాబాద్ ఫ్లాటు అక్కడా లెక్కకు వస్తుంది

మన వాళ్లలో చాలామందికి తెలియని పన్ను సంగతి ఇది. బ్రిటన్‌లో రెండో ఇల్లు కొంటే స్టాంప్ డ్యూటీకి అదనంగా మరో పన్ను పడుతుంది. ఆ మొదటి ఇల్లు బ్రిటన్‌లోనే ఉండాలని లేదు. ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కే, భార్యాభర్తల్లో ఎవరి పేరున ఉన్నా లెక్కే. మియాపూర్‌లో మీ పేరున ఫ్లాటుంటే బర్న్‌లీ ఇల్లు మీకు రెండో ఇల్లే. మొదటిసారి కొనేవారికి ఇచ్చే రాయితీ కూడా పోతుంది.

అదనపు పన్ను ఇంగ్లండ్‌లో 5 శాతం, వేల్స్‌లో 5, స్కాట్లండ్‌లో 8. కొనడానికి ముందు పన్నెండు నెలల్లో కనీసం 183 రోజులు బ్రిటన్‌లో గడపనివారికి ఇంగ్లండ్‌లో మరో 2 శాతం. వేల్స్, స్కాట్లండ్‌లలో ఆ 2 శాతం లేదు. అంటే భారత్‌లో ఉంటూ 45 వేల ఇల్లు కొంటే ఇంగ్లండ్‌లో 3,150 పౌండ్లు, వేల్స్‌లో 2,250, స్కాట్లండ్‌లో 3,600. మూడు చోట్లా ఒకే వెసులుబాటు ఉంది: ధర 40 వేలకు లోపుంటే ఈ అదనం పడదు. 39,500కు సున్నా, 40 వేలకు మొత్తం మీద పన్ను. 40 వేల అంచున ఉన్న ఇంటికి బేరమాడేటప్పుడు ఆ గీత గుర్తుంచుకోండి.

భారత్ నుంచి సొమ్ము పంపేవారికి ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఏడాదికి మనిషికి 2.5 లక్షల డాలర్ల పరిమితి. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్నుల్లో సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా సొమ్ము ఇరుక్కుంటుంది. ఆ ఇంటిని ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలి.

అద్దె లెక్క

ప్రకటనల్లో 12 శాతం రాబడి అంటారు. 45 వేల ఇంటికి నెలకు 450 పౌండ్ల అద్దె అనుకుంటే ఏడాదికి 5,400. అవును, 12 శాతమే. ఇప్పుడు ఏడాదిలో ఒక నెల ఖాళీ అనుకోండి, 4,950. ఏజెంటుకు 600, బీమాకు 250, ఏటా గ్యాస్ తనిఖీ, అయిదేళ్లకోసారి కరెంటు తనిఖీ కలిపి ఏడాదికి 130, మరమ్మతులకు 900. డర్హమ్‌లో 2022 నుంచి చాలా వీధుల్లో ప్రతి అద్దె ఇంటికీ కౌన్సిల్ లైసెన్సు ఉండాలి, దానికి ఏడాదికి 100 వేసుకుందాం. మిగిలేది 2,970. పెట్టింది ఎంత? ఇంటికి 45 వేలు, పన్ను 3,150, న్యాయవాదికీ సర్వేకూ 2 వేలు, మరమ్మతుకు 15 వేలు. మొత్తం 65,150. రాబడి నాలుగున్నర శాతం, అదీ ఆదాయపు పన్నుకు ముందు. యజమాని విదేశంలో ఉంటే, పన్ను శాఖ అనుమతి లేనంత వరకు ఏజెంటు అద్దెలోంచి పన్ను పట్టుకునే ఇస్తాడు.

దీనికి తోడు, 2025 చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో కారణం చూపకుండా అద్దెదారును ఖాళీ చేయించే వీలు లేదు. న్యాయమైన మార్పే. కానీ అయిదు వేల మైళ్ల అవతల ఉన్న యజమాని అద్దె ఆగిపోతే ఏం చేయగలడో ముందే ఆలోచించుకోవాలి. అద్దెకివ్వాలంటే, ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే ధ్రువపత్రం కనీసం ‘ఇ’ స్థాయిలో ఉండాలి. దాన్ని ‘సి’కి పెంచే దిశగా ప్రభుత్వం నడుస్తోంది. ఒంటి గోడల పాత ఇంటిని ‘సి’కి తీసుకురావడం చిన్న ఖర్చు కాదు. ఇన్ని చెప్పాక కూడా అద్దె కోసమే కొంటానంటే స్థానికంగా మీ మనిషి ఒకరు ఉండాలి, ఇల్లు స్టేషనుకో ఆసుపత్రికో నడక దూరంలో ఉండాలి.

వేలమా, ఏజెంటా?

అతి చవక ఇళ్లలో ఎక్కువ భాగం వేలానికే వస్తాయి. ఏజెంటు దగ్గర కొంటే సర్వే చేయించి, లోపాలు చూపి ధర తగ్గించమని అడగవచ్చు. వేలంలో ఆ వీలు లేదు. సుత్తి పడగానే ఒప్పందం అయిపోయినట్టే. అక్కడికక్కడ పది శాతం కట్టాలి, సాధారణంగా 28 రోజుల్లో మిగతాదంతా. కట్టలేకపోతే ఆ పది శాతం పోతుంది. ‘ఆధునిక వేలం’ అనే ఇంకో పద్ధతి ఉంది. గడువు ఎక్కువే కానీ కొనేవారు తిరిగి రాని రిజర్వేషన్ రుసుము కట్టాలి. దానికి కనీస మొత్తం ఒకటి పెడతారు, తరచూ అది వేల పౌండ్లలోనే ఉంటుంది. మూడు లక్షల ఇంటికి అది పెద్ద భారం కాదు, నలభై వేల ఇంటికి పదో వంతు దాటిపోవచ్చు. చవక ఇంటికి ఆ పద్ధతి వద్దే వద్దు.

ప్రకటనలో కనిపించే ‘గైడ్ ప్రైస్’ అమ్మే ధర కాదు. అమ్మేవారి కనీస ధర దానికన్నా పది శాతం దాకా ఎక్కువ ఉండవచ్చు. పాట మొదలయ్యాక ఇంకా పైకి పోవచ్చు. అందుకే ఎక్కడ ఆగాలో ముందే కాగితం మీద రాసుకోండి. వేలానికి ముందు ‘లీగల్ ప్యాక్’, అంటే ఇంటి హక్కు, అమ్మకం షరతుల పత్రాల కట్ట, ఉచితంగా దొరుకుతుంది. దాన్ని న్యాయవాదికి చూపించడానికి రెండు మూడు వందల పౌండ్లు ఖర్చవుతాయి. అందులో ‘ప్రత్యేక షరతులు’ అన్న పేజీ ముందు చదవమనండి. అమ్మేవారి న్యాయవాది ఫీజు, బకాయి పడ్డ భూమి అద్దె, వేలం సంస్థ రుసుము కొనేవారి నెత్తిన వేసేది ఆ పేజీలోనే. ఇంట్లో ఇప్పటికే అద్దెదారు ఉంటే అద్దె ఒప్పందం, డిపాజిట్ ఎక్కడ జమ చేశారన్న ఆధారం కూడా ప్యాక్‌లో ఉండాలి. లేకపోతే ఆ ఇంటిని వదిలేయండి.

పాట గెలిచిన సాయంత్రమే బీమా తీసుకోండి. తాళాలు చేతికి రావడానికి నెల పట్టినా, చాలా వేలాల షరతుల ప్రకారం సుత్తి పడిన క్షణం నుంచి ఇంటికి ఏమైనా ఆ నష్టం మీదే.